మడమ వెనుక నొప్పి: తీర్పు చెప్పేది మర్నాటి పొద్దున

పొద్దున్నే మంచం దిగి కాలు నేల మీద పెట్టగానే మడమ వెనుక ఎవరో తాడు బిగించినట్టు పట్టేస్తుంది. నాలుగడుగులు కుంటుతూ వేశాక కాస్త సడలుతుంది, పది నిమిషాలకు దాని సంగతే మర్చిపోతాం. సాయంత్రం పరుగుకు వెళ్తే మొదటి కిలోమీటరులో సలుపు, తర్వాత మాయం, ఒళ్లు చల్లబడ్డాక మళ్లీ పోటు. ఇలా నెలా రెండు నెలలు నెట్టుకొచ్చి, ఇక లాభం లేదని మూడు వారాలు అన్నీ మానేస్తారు. నొప్పి పోతుంది. పోయింది కదా అని మళ్లీ మొదలుపెడితే రెండో రోజుకే అదే చోట అదే నొప్పి. పిక్కను మడమకు కట్టే తాడు లాంటి అకిలీస్ టెండన్‌లో బాధ ఉన్నవాళ్లలో ఏడాది, రెండేళ్లు ఈ గానుగలోనే తిరిగేవాళ్లు తక్కువేం కాదు.

ఈ నొప్పికి ఫిజియోథెరపీ ఇచ్చే చికిత్స మొదట వింటే తలకిందులుగా తోస్తుంది. నొప్పెడుతున్న ఆ తాడుకే, లెక్క ప్రకారం, బరువు మోయడం మళ్లీ నేర్పాలి. ఎంత బరువు, ఎన్నిసార్లు, ఎంత నొప్పి దాకా ఓర్చుకోవచ్చు, ఎక్కడ ఆగాలి అన్నదే అసలు విద్య. అది అర్థం కావాలంటే ముందు ఆ తాడు లోపల ఏం జరుగుతోందో చూడాలి.

మనం నరం అనేది నరం కాదు

మాటల్లో దీన్ని ‘మడమ నరం’ అనేస్తాం. నిజానికి ఇది కండరాన్ని ఎముకకు కట్టే తాడు. పిక్కలో రెండు ముఖ్యమైన కండరాలున్నాయి. పైకి ఉబ్బెత్తుగా కనిపించే జంట కండరం గ్యాస్ట్రాక్నీమియస్. ఇది మోకాలి పైనుంచి మొదలవుతుంది. దాని కింద పరుచుకుని ఉండేది సోలియస్. ఇది మోకాలి దిగువన మొదలవుతుంది. ఈ తేడా వ్యాయామాల దగ్గర పనికొస్తుంది, గుర్తుంచుకోండి. రెండు కండరాల చివరలూ కలిసి సుమారు 15 సెంటీమీటర్ల పొడవున్న ఒకే టెండన్‌గా మారి మడమ ఎముక వెనుక అతుక్కుంటాయి. శరీరంలో ఇంతకంటే మందమైన, బలమైన టెండన్ లేదు. తాడు అనడం ఊరికే కాదు, కిందికి దిగేకొద్దీ దాని పోగులు నిజంగానే మెలి తిరిగి ఉంటాయి.

నడుస్తున్నప్పుడు దీని మీద పడే లాగుడు ఒంటి బరువుకు సుమారు మూడు రెట్లు. పరుగులో అది ఆరు నుంచి ఎనిమిది రెట్లు. అంటే 70 కిలోల మనిషి పరిగెడుతుంటే ప్రతి అడుగుకూ దాదాపు అర టన్ను. పాదం నేలను తాకినప్పుడు ఈ తాడు సాగి శక్తిని దాచుకుంటుంది, పాదం లేచేటప్పుడు వెనక్కి విదిలిస్తుంది. అందుకే చదును నేల మీద నెమ్మదిగా ఎంతసేపు నడిచినా ఊరుకునే టెండన్, పది గెంతులకే అలుగుతుంది. దాన్ని రెచ్చగొట్టేది దూరం కంటే వేగంగా సాగి వేగంగా ముడుచుకోవడం.

ఇంకో సంగతి ఉంది. 1950ల నుంచి 60ల ఆరంభం దాకా జరిగిన అణుబాంబు పరీక్షల వల్ల గాలిలో కార్బన్-14 ఒక్కసారిగా పెరిగి, తర్వాత ఏటా తగ్గుతూ వచ్చింది. కణజాలంలో ఎంత కార్బన్-14 ఉందో కొలిస్తే అది ఏ కాలంలో తయారైందో చెప్పవచ్చు. డెన్మార్క్ పరిశోధకులు ఈ పద్ధతిలో అకిలీస్ టెండన్లను పరీక్షించి 2013లో ఫలితాలు ప్రచురించారు. టెండన్ లోతట్టు భాగం జీవితంలో మొదటి 17 ఏళ్లలో తయారై, ఆ తర్వాత దాదాపుగా కొత్తది రావడం లేదని తేలింది. కండరం నెలల్లో పెరుగుతుంది, ఎముక విరిగితే వారాల్లో అతుకుతుంది. ఈ తాడు మాత్రం చిన్ననాటి పెట్టుబడితోనే నడుస్తుంది. దీని విషయంలో తొందర పనికిరాదనడానికి ఇంతకంటే ఏం కావాలి?

లోపల జరిగేది

చాలాకాలం దీన్ని టెండనైటిస్ అన్నారు. చివర ‘ఐటిస్’ ఉంటే ఇన్‌ఫ్లమేషన్ (మంటతో కూడిన వాపు) అని అర్థం, కాబట్టి ఐసు, విశ్రాంతి, ఇన్‌ఫ్లమేషన్ తగ్గించే మాత్రలు వైద్యంగా స్థిరపడ్డాయి. దీర్ఘకాలం నొప్పి ఉన్న టెండన్లలోంచి ముక్క తీసి మైక్రోస్కోపు కింద చూస్తే తెగిన గాయంలో కనిపించే ఇన్‌ఫ్లమేషన్ కణాల దండు కనబడలేదు. కనబడింది వేరు: పోగులు వరుస తప్పి చిందరవందరగా ఉండటం, వాటి మధ్య నీటిని పట్టి ఉంచే పదార్థం పెరగడం, మామూలుగా రక్తనాళాలు లేని చోట కొత్త నాళాలూ వాటి వెంట సన్నటి నరాలూ మొలవడం. ఇన్‌ఫ్లమేషన్ పాత్ర అసలే లేదని కాదు గానీ, కథానాయకుడు అది కాదు. అందుకే ఇప్పుడు టెండినోపతీ, అంటే టెండన్ జబ్బు, అంటున్నారు.

ఆస్ట్రేలియాకు చెందిన పరిశోధకులు జిల్ కుక్, క్రెయిగ్ పర్డమ్ 2009లో దీన్ని ఒకే దారిలో వచ్చే మూడు మజిలీలుగా చూపారు. అలవాటు లేని పని ఒక్కసారిగా మీద పడితే టెండన్ మొదట ఉబ్బుతుంది. ఈ దశలో పని తగ్గిస్తే తిరిగి మామూలవుతుంది. అదే పని కొనసాగితే పోగుల అమరిక చెదరడం మొదలవుతుంది. ఇంకా ముందుకు పోతే కొన్ని చోట్ల పోగులు పనికిరాకుండా పోతాయి, అవి తిరిగి వరుసలోకి రావడం కష్టం. ఇది వినగానే గుండె జారిపోనక్కర్లేదు. పాడైన ముక్క చుట్టూ మంచి పోగులు పుష్కలంగా ఉంటాయి. నొప్పి ఉన్న టెండన్లు మందం పెరుగుతాయి కాబట్టి, వాటిలోని ఆరోగ్యకరమైన భాగం మామూలు టెండన్‌లో ఉన్నంత ఉండటం కూడా సాధ్యమే. చికిత్సలో మనం బలపరిచేది ఆ మంచి భాగాన్నీ, దాన్ని లాగే పిక్క కండరాన్నీ.

మూడు వారాల విశ్రాంతి ఎందుకు మోసం చేస్తుందో ఇప్పుడు తెలుస్తుంది. విశ్రాంతిలో నొప్పి తగ్గింది, దానితోపాటే పిక్క కండరం సన్నబడింది, టెండన్ పటుత్వమూ కొంత తగ్గింది. తిరిగి పరుగు మొదలుపెట్టిన రోజున మోయాల్సిన బరువు అంతే ఉంది, మోసే శక్తి మాత్రం మునుపటికంటే తక్కువ.

నొప్పి సరిగ్గా ఎక్కడ?

కుర్చీలో కూర్చుని ఒక కాలు మరో మోకాలి మీద వేసుకోండి. బొటనవేలు, చూపుడువేలు మధ్య టెండన్‌ని రెండు పక్కల నుంచి పట్టుకుని, మడమ ఎముక దగ్గర మొదలుపెట్టి అంగుళం అంగుళం పైకి నొక్కుతూ పోండి. ఎముక మీద అతుక్కునే చోట ఏమీ లేక, దానికి 2 నుంచి 6 సెంటీమీటర్ల పైన గుచ్చినట్టు నొప్పి, అక్కడ ఉసిరికాయంత కాకపోయినా చేతికి తగిలే ఉబ్బు ఉంటే అది నడిమి భాగపు సమస్య. పాదాన్ని కిందికీ పైకీ ఆడిస్తే ఆ ఉబ్బు కూడా టెండన్‌తో పాటు కదులుతుంది. అలా కాక నొప్పి ఎముక అంచు మీదే, చెప్పు వెనుక పట్టీ ఒరుసుకునే చోట ఉంటే అది అతుకు దగ్గరి సమస్య.

ఈ తేడా తెలియకుండా వ్యాయామం మొదలుపెట్టడమే అతి సాధారణమైన పొరపాటు. అతుకు దగ్గర టెండన్ సాగడమే కాదు, పాదం పైకి వంగినప్పుడల్లా మడమ ఎముక పై మూలకు ఒత్తుకుని నలుగుతుంది కూడా. మెట్టు అంచున నిలబడి మడమను కిందికి దించే ప్రసిద్ధ వ్యాయామం నడిమి భాగానికి మేలు చేస్తుంది, అతుకు దగ్గర ఉన్నదాన్ని మాత్రం నలిపేస్తుంది. స్వీడన్‌లోని ఉమియోలో 2003లో రెండు రకాల నొప్పి వాళ్లకూ అదే వ్యాయామం ఇచ్చి చూస్తే, నడిమి భాగం వాళ్లలో 89 శాతం మందికి మంచి ఫలితం వచ్చింది, అతుకు దగ్గరి వాళ్లలో 32 శాతానికే. తర్వాత 2008లో మడమ నేల మట్టం దాటి దిగకుండా మార్చి చేయిస్తే ఈ రెండో రకంలో 67 శాతం మంది తృప్తి పడ్డారు. చిన్న గుంపుల మీద చేసిన అధ్యయనాలే, అయినా మార్పు ఎక్కడ చేయాలో స్పష్టంగా చూపాయి.

ఇది అది కాకపోతే

పరిగెడుతుండగానో, దూకుతుండగానో వెనుక నుంచి ఎవరో కర్రతో కొట్టినట్టు అనిపించి, ‘టప్’మన్న శబ్దంతో కాలు కూలబడితే వ్యాయామాల మాట తర్వాత. టెండన్ తెగి ఉండవచ్చు. బోర్లా పడుకుని పాదం మంచం అంచు బయటికి వేలాడేసి, వేరొకరితో పిక్కను గట్టిగా పిండించుకోవాలి. టెండన్ బాగుంటే పాదం తనంతట తాను కిందికి వంగుతుంది. కదలకపోతే అదే రోజు డాక్టరును చూడాలి. తెగినా కొందరు కుంటుతూ నడవగలరు, వేళ్లు ఆడించగలరు. ‘నడుస్తున్నాను కదా’ అన్న ధీమాతో వారాలు పోగొట్టుకునేది అందుకే.

పిక్క మొత్తం వాచి, వేడిగా, బిగువుగా ఉండి, ముఖ్యంగా ఆపరేషను లేదా సుదీర్ఘ ప్రయాణం తర్వాత వస్తే, రక్తనాళాల్లో రక్తం గడ్డకట్టిందేమో ముందు చూపించుకోవాలి. నలభై లోపు వాళ్లలో రెండు మడమల అతుకుల దగ్గరా నొప్పి, పొద్దున నడుము బిగుసుకుపోయి అరగంటకు మించి వదలకపోవడం, కళ్లు ఎర్రబడటం, చర్మం మీద సోరియాసిస్ లాంటివి తోడైతే అది కీళ్లవాత జాతి జబ్బు కావచ్చు. ఎదిగే పిల్లల్లో మడమ నొప్పి ఎక్కువగా ఎముక ఎదిగే పొర నుంచి వస్తుంది, టెండన్ నుంచి కాదు. వంశపారంపర్యంగా కొలెస్టరాల్ బాగా ఎక్కువ ఉన్నవాళ్లలో కొవ్వు పేరుకుని టెండన్ లావెక్కుతుంది. రెండు వైపులా గట్టిగా, లావుగా ఉంటే రక్తపరీక్ష అవసరం.

ఫిజియోథెరపిస్టు అడగకపోయినా మీరే చెప్పాల్సిన విషయం ఒకటి ఉంది: ఇటీవల వాడిన యాంటీబయాటిక్స్. సిప్రోఫ్లాక్సాసిన్, లెవోఫ్లాక్సాసిన్ లాంటి ఫ్లోరోక్వినలోన్ మందులు టెండన్‌ని బలహీనపరచి తెగేలా కూడా చేయగలవు. అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2008లో వీటి మీద నల్ల గీతల పెట్టెలో అచ్చయ్యే గట్టి హెచ్చరిక వేయించింది. అరవై దాటినవాళ్లు, స్టిరాయిడ్లు వాడుతున్నవాళ్లు, అవయవ మార్పిడి చేయించుకున్నవాళ్లలో ముప్పు ఎక్కువ. ఆ మందులు వాడుతుండగా మడమ వెనుక నొప్పి మొదలైతే మందు రాసిన డాక్టరుకు వెంటనే చెప్పాలి, బరువుల వ్యాయామం ఆపాలి.

స్కానింగ్ గురించి ఒక మాట. అల్ట్రాసౌండ్‌లో టెండన్ ఎంత చిందరవందరగా కనిపిస్తే అంత నొప్పి ఉండాలన్న నియమం లేదు. నొప్పే ఎరుగని పరుగువీరుల్లోనూ మార్పులు కనిపిస్తాయి. నొప్పి పూర్తిగా తగ్గినవాళ్లలో చిత్రం మారకుండానే ఉండవచ్చు. రోగం ఏదో అనుమానం ఉన్నప్పుడు స్కాన్ పనికొస్తుంది, కోలుకోవడం కొలవడానికి పనికిరాదు.

మొదటి రెండు వారాలు: మంట ఎగదోయకుండా

నొప్పి ఎక్కడి నుంచి వచ్చిందో వెతికితే దాదాపు ప్రతిసారీ అంతకు ముందు నాలుగైదు వారాల్లో ఏదో మారి ఉంటుంది. ఎత్తుపల్లాల దారి పట్టారు, వేగం పెంచారు, మడమ ఎత్తు తక్కువ ఉన్న కొత్త బూట్లు కొన్నారు, సెలవు తర్వాత ఒక్కసారిగా పాత దూరం పరిగెత్తారు, తాడాట మొదలుపెట్టారు. ఆ మారినదాన్ని వెనక్కి తీసుకోవడమే మొదటి వైద్యం. అన్నీ మానేయడం అక్కర్లేదు. గెంతులు, వేగపు పరుగు, ఎత్తు ఎక్కడం ఆపి, నడక, సైకిలు, ఈత కొనసాగించవచ్చు.

బూటులో మడమ కింద 12 మిల్లీమీటర్ల వరకు ఎత్తు పెట్టుకుంటే టెండన్ మీద సాగుడు, అతుకు దగ్గర నలుగుడు తగ్గుతాయి. 2021లో వచ్చిన ఆస్ట్రేలియా అధ్యయనంలో నడిమి భాగపు నొప్పికి 12 వారాల దగ్గర ఈ ఎత్తులు, మడమ దించే వ్యాయామం కంటే మెరుగ్గా పనిచేశాయి. ఇంత చవకైన సాధనం ఇంతకాలం చిన్నచూపుకు గురికావడం వింతే. రెండు బూట్లలోనూ పెట్టాలి, లేకపోతే నడుము వంకర పడుతుంది. నొప్పి అదుపులోకి వచ్చాక నెమ్మదిగా తీసేయాలి. ఎత్తు బలాన్ని పెంచదు, ఊపిరి తీసుకునే వ్యవధి ఇస్తుంది.

పిక్క పట్టేసిందని గోడకు చేతులు ఆనించి సాగదీయడం చాలామంది చేసే పని. నడిమి భాగానికి అది పెద్దగా మేలూ చేయదు, కీడూ చేయదు. అతుకు దగ్గర నొప్పి ఉన్నవాళ్లకు మాత్రం హానే, ముందు చెప్పిన నలుగుడు వల్ల. గొంతుక్కూర్చోవడం, చదును చెప్పులతో తిరగడం కూడా వాళ్లు కొన్నాళ్లు తగ్గించుకోవాలి.

నొప్పి కొలబద్ద

వ్యాయామం మొదలుపెట్టే ముందు ఈ నియమం వంటబట్టాలి. నొప్పి ఏమాత్రం లేకపోతే 0, భరించలేనంత ఉంటే 10 అనుకోండి. వ్యాయామం చేస్తుండగా 5 వరకు రావచ్చు, ఫరవాలేదు. అది మర్నాటి పొద్దునకు మామూలు స్థాయికి దిగిపోవాలి. వారం వారం పెరుగుతూ పోకూడదు. గోతెన్‌బర్గ్‌లో (స్వీడన్) కారిన్ సిల్బెర్నాగెల్ పరిశోధక బృందం 2007లో ఈ కొలబద్దను పరీక్షించింది. వ్యాయామాలతో పాటు ఈ హద్దుల్లో పరుగు, గెంతులు కొనసాగించినవాళ్లూ, మొదటి ఆరు వారాలు వాటిని మానేసినవాళ్లూ ఏడాది చివరికి సమానంగానే కోలుకున్నారు. అంటే నొప్పి వచ్చిన ప్రతిసారీ తాడు తెగుతోందని భయపడనక్కర్లేదు.

కొత్తగా మొదలుపెట్టేవాళ్లకు 3 దగ్గర ఆగమని చెప్పడం మేలు. 5 అని చెబితే 7ను 5గా లెక్కేసుకునే మొండివాళ్లు ఎక్కువ.

టెండన్ స్వభావం ఏమిటంటే, పని చేస్తుండగా అది అబద్ధం చెబుతుంది. వేడెక్కాక నొప్పి మాయమవుతుంది కాబట్టి ఆ క్షణాన అంతా బాగున్నట్టే ఉంటుంది. దాని అసలు జవాబు 24 గంటల తర్వాత వస్తుంది. అందుకే ఒక చిన్న పుస్తకం పెట్టుకుని రోజూ పొద్దున రెండే రాసుకోవాలి: మంచం దిగాక బిగువు ఎన్ని నిమిషాలు ఉంది, నొప్పి కాలు ఒక్కదాని మీద పదిసార్లు మునివేళ్ల మీదికి లేస్తే నొప్పి ఎంత. నిన్న 5 నిమిషాలున్న బిగువు ఇవాళ 20 నిమిషాలైతే నిన్న చేసింది ఎక్కువైంది. ఆపేయకుండా, నిన్నటి పనిలో మూడో వంతు కోసేస్తే చాలు.

మడమ ఎత్తడం, దించడం

స్వీడన్ ఆర్థోపెడిక్ సర్జన్ హోకన్ ఆల్ఫ్రెడ్‌సన్‌కే ఒకప్పుడు ఈ నొప్పి ఉండేది. తెగని టెండన్‌కి ఆపరేషను చేయనని పై డాక్టరు అంటే, తెగితేనైనా చేస్తారు కదా అని దాని మీద ఎడాపెడా బరువు వేసుకున్నారట. అది తెగలేదు, నొప్పి తగ్గింది. అదే పద్ధతిని 15 మంది పరుగు అలవాటున్నవాళ్ల మీద పరీక్షించి 1998లో ప్రచురించారు. 12 వారాల తర్వాత అందరూ పరుగుకు తిరిగొచ్చారు. మెట్టు అంచున నిలబడి, మంచి కాలితో పైకి లేచి, నొప్పి కాలితో మాత్రమే నెమ్మదిగా కిందికి దిగాలి. మోకాలు నిటారుగా 15 సార్ల చొప్పున 3 సెట్లు, మోకాలు కొద్దిగా వంచి ఇంకో 3 సెట్లు, పొద్దునా సాయంత్రం, వారానికి ఏడు రోజులు. రోజుకు 180 సార్లన్నమాట.

పద్ధతి పనిచేస్తుంది. చేయగలిగేవాళ్లే తక్కువ. 2015లో డెన్మార్క్ బృందం దీన్ని ఇంకో పద్ధతితో పోల్చింది: ఎక్కువ బరువు, నెమ్మది కదలిక, వారానికి మూడు రోజులు మాత్రమే. ఫలితం రెండింటిదీ దాదాపు ఒకటే. పాత పద్ధతికి వారానికి ఐదు గంటలు పట్టింది, కొత్తదానికి రెండు గంటలలోపే. చెప్పినట్టు చేసినవాళ్లూ కొత్తదాంట్లోనే ఎక్కువ. దించడంలోనే ఏదో మహిమ ఉందన్న నమ్మకం దీంతో సడలింది. టెండన్‌కి కావాల్సింది బరువు, నెమ్మది, మధ్యలో విరామం. బరువు మోశాక మొదటి రోజు, రోజున్నర టెండన్ పోగుల్లోని కొలాజెన్ అనే ప్రోటీన్ కరిగేది తయారయ్యేదానికంటే ఎక్కువగా ఉంటుంది. ఆ తర్వాతే లెక్క లాభంలోకి వస్తుంది. రోజు విడిచి రోజు చేయమనడానికి కారణం ఇదే.

ఇంట్లో చేసుకునే క్రమం ఇలా ఉంటుంది. మొదట నేల మీద, రెండు కాళ్లతో. పాదాలు తుంటి వెడల్పున పెట్టి, సమతూకం కోసం గోడకు రెండు వేళ్లు మాత్రం ఆనించండి. మూడు సెకన్లలో పైకి, మూడు సెకన్లలో కిందికి. 15 సార్లు 3 సెట్లు, సెట్టు సెట్టుకూ మధ్య రెండు మూడు నిమిషాలు. ఇది నొప్పి 3 దాటకుండా వరుసగా మూడు సార్లు చేయగలిగితే, రెండు కాళ్లతో లేచి ఒక కాలితో దిగడం. తర్వాత ఒక కాలితోనే లేవడం, దిగడం. నడిమి భాగపు సమస్య అయితే అప్పుడు మెట్టు అంచుకు మారండి. అతుకు దగ్గరిదైతే నేల మీదే ఉండండి. కావాలంటే మడమ కింద పుస్తకం పెట్టుకుని, అది తగలగానే ఆగండి.

ఇక్కడ వీపు మీద సంచి వస్తుంది. ఒంటికాలి మీద 15 సార్లు తేలికైపోయాక 5 కిలోలతో మొదలుపెట్టి బరువు పెంచుతూ, సార్లు తగ్గిస్తూ పోవాలి. డెన్మార్క్ పద్ధతిలో మొదటి వారం 15 సార్లు మాత్రమే చేయగలిగే బరువు. రెండు, మూడు వారాల్లో 12. నాలుగు, ఐదులో 10. ఆరు నుంచి ఎనిమిది దాకా 8. తొమ్మిది నుంచి పన్నెండు దాకా 6. ‘8 సార్ల బరువు’ అంటే తొమ్మిదోసారి లేవలేనంత అని. పన్నెండు వారాలూ ఒకే ఖాళీ సంచితో చేసి ‘ఏమీ తగ్గలేదు’ అనేవాళ్లకు వ్యాయామం విఫలం కాలేదు, మోతాదు చాలలేదు.

మోకాలు వంచి చేసే సెట్లను మానేయకండి. మోకాలు నిటారుగా ఉంటే పైనుంచి వచ్చే గ్యాస్ట్రాక్నీమియస్ ఎక్కువ లాగుతుంది. వంచితే అది వదులై, పని సోలియస్ మీద పడుతుంది. పరుగులో పెద్ద బరువు మోసేది ఆ సోలియసే, ఈ నొప్పి ఉన్నవాళ్లలో ఎక్కువగా బలహీనపడేదీ అదే. కుర్చీలో కూర్చుని తొడ మీద, మోకాలికి దగ్గరగా బరువు పెట్టుకుని మడమ ఎత్తడం దీనికి సులువైన దారి. జిమ్ములో దీనికి వేరే యంత్రమే ఉంటుంది.

చేసేటప్పుడు అద్దంలో వెనుక నుంచి మడమను గమనించండి. అలసిపోగానే బరువు చిటికెనవేలి వైపు జారి చీలమండ బయటికి వాలుతుంది. బొటనవేలు, రెండో వేలు మొదళ్ల మీదే బరువు ఉండాలి. ఇంకొందరికి మోకాలు తెలియకుండా వంగి, తొడ సాయం చేస్తుంది. కొందరు ముందుకు వాలి గోడను తోసేస్తారు. అన్నిటికంటే తరచుగా జరిగేది ఎత్తు తగ్గడం: మొదటిసారి ఎనిమిది సెంటీమీటర్లు లేచిన మడమ పన్నెండోసారికి నాలుగే లేస్తుంది. సగం ఎత్తు వచ్చిన చోట సెట్టు అయిపోయినట్టే, ఆ తర్వాతివి లెక్కలోకి రావు.

మళ్లీ పరుగు

బరువు మోయగలగడం వేరు, స్ప్రింగులా పనిచేయడం వేరు. ఇక్కడే చాలామంది తడబడతారు. నొప్పి పోయింది కాబట్టి నేరుగా పాత పరుగుకు వెళ్లిపోతారు. అరగంట చురుకైన నడకలో నొప్పి 2 దాటకుండా ఉండి, ఒంటికాలి మీద 20 నుంచి 25 సార్లు, రెండో కాలికి దగ్గరగా లేవగలిగితేనే గెంతుల మెట్టు ఎక్కాలి. మొదట రెండు కాళ్లతో అక్కడికక్కడే 20 చిన్న గెంతులు, 3 సెట్లు. పొద్దున పుస్తకం సరేనంటే ఒంటికాలి గెంతులు.

తర్వాత పరుగు: ఒక నిమిషం నెమ్మది పరుగు, రెండు నిమిషాల నడక, ఇలా ఎనిమిది సార్లు. తర్వాతి పరుగు మూడో రోజునే, మధ్యలో రెండు రోజుల విరామం. ముందు సమయం పెంచాలి, తర్వాత వేగం, చిట్టచివర ఎత్తులు. ఒకే వారంలో రెండింటిని ఒకేసారి పెంచితే, తిరగబెట్టినప్పుడు దేనివల్లో కనిపెట్టలేరు. బరువుల వ్యాయామం మానకూడదు, పరుగు రోజునే పరుగు తర్వాత చేసుకుంటే విరామపు రోజులు విరామంగానే మిగులుతాయి.

సూదులూ యంత్రాలూ

స్టిరాయిడ్ ఇంజెక్షన్ కొన్ని వారాలు నొప్పి తగ్గిస్తుంది, టెండన్‌ని బలహీనపరచి తెగే ముప్పు తెస్తుంది. టెండన్ లోపలికి వేయించుకోకూడదు. సొంత రక్తం నుంచి తీసిన ప్లేట్‌లెట్ల ఇంజెక్షన్‌కి ప్రచారం ఎక్కువ. 2010లో నెదర్లాండ్స్‌లో ఉప్పునీటి సూదితో, 2021లో బ్రిటన్‌లో ఉత్తుత్తి సూదితో పోల్చి చూస్తే రెండుసార్లూ తేడా కనబడలేదు. షాక్‌వేవ్ చికిత్స (బయటి నుంచి ధ్వని తరంగాలతో టెండన్‌ని తట్టడం) మాత్రం వ్యాయామానికి తోడుగా, మూడు నెలలు గట్టిగా చేసినా కదలని కేసుల్లో ప్రయత్నించదగ్గది. వ్యాయామం బదులు కాదు. మసాజ్, టేపు, ఐసు ఆ పూటకు హాయినిస్తాయి, వాడుకోండి. ఆపరేషను ఆరు నెలలు దాటినా ఫలితం లేనివాళ్ల సంగతి.

బరువు తగ్గించుకోవడం, షుగరు అదుపులో ఉంచుకోవడం కూడా ఉపకారం చేస్తాయి. షుగరు ఉన్నవాళ్ల టెండన్లు నెమ్మదిగా స్పందిస్తాయి, వాళ్లు బరువు పెంచే ప్రతి మెట్టుకూ వారం అదనంగా తీసుకోవాలి.

ఎంతకాలం?

కనీసం 12 వారాలు. అప్పటికి చాలామందికి రోజువారీ పనుల్లో ఇబ్బంది తగ్గుతుంది, కానీ పిక్క బలం రెండో కాలితో సమానం కావడానికి ఆరు నెలల నుంచి ఏడాది పట్టవచ్చు. దారి సాఫీగా ఉండదు. నాలుగో వారంలోనో, ఎనిమిదో వారంలోనో ఒకసారి ఎగదన్నడం మామూలే. అప్పుడు మొదటికి పోకుండా రెండు వారాల కిందటి బరువుకు దిగి, అక్కడి నుంచి ఎక్కడం సరిపోతుంది. పొద్దున బిగువు అన్నిటికంటే చివర పోతుంది. ఉబ్బు ఏళ్ల తరబడి అలాగే ఉండిపోవచ్చు. నొక్కితే కాస్త తగులుతుంది, పరుగుకు అడ్డం రాదు, దాన్ని కరిగించడానికి వెంటపడనక్కర్లేదు.

నొప్పి పూర్తిగా పోయాక కూడా వారానికి ఒకటి రెండుసార్లు బరువుతో మడమ ఎత్తే సెట్లు ఉండాలి, రెండు కాళ్లకూ. నొప్పి లేని కాలు ఇన్నాళ్లూ రెండో దాని పని కూడా మోసింది, పుస్తకంలో దానికీ ఒక గడి పెట్టుకోండి.